మేడ మీద ఎండుతున్న చదువు

ఒక మనిషి క్లాసులో ఉన్నట్టో లేనట్టో తేల్చి చెప్పడానికి జీతం తీసుకున్నదాన్ని నేను. దేవుడు ఉన్నాడా లేడా అని వాదించుకునేవాళ్లకి కనీసం ఎదురుగా వినేవాళ్లుంటారు. నాకు ఆ భాగ్యం కూడా లేదు. నా ఎదుట ఒక కంప్యూటరు తెర, దాని మీద విద్యార్థికొకటి చొప్పున గుండ్రటి చక్రాలు. విద్యార్థి శ్రద్ధగా ఉంటే చక్రం పచ్చగా ఉంటుంది. పరధ్యానంలో పడితే పసుపు. లేకపోతే ఎరుపు.

కొత్తగా ఇలాంటి ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నన్ను అడుగుతుంటారు, "మేడం, ఆన్‌లైన్‌లో విద్యార్థుల్ని కుదురుగా కూర్చోబెట్టడం ఎలా?" అని. కూర్చోబెట్టడం తర్వాత సంగతర్రా, ముందు వాళ్లు ఎక్కడ నిలబడి ఉన్నారో కనుక్కోండి అంటాను. ఏదో పెద్దావిడ చాదస్తం అనుకుని తలూపి వెళ్లిపోతారు. తలూపేవాళ్లంటే నాకు మొదటినుంచీ పడదు. అందుకే ఇది రాస్తున్నాను.

రెండు వేల పదుల చివరి ముచ్చట ఇది. చేతికో ఫోను, ఫోనుకో చవక నెట్టు వచ్చేసిన కాలం. అంతకు ముందు విజయనగరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్సు చెప్పేదాన్ని. పిల్లల్లేక అది మూతపడింది. ఆ కట్టడంలోనే కింది వాటాలో ఒక ఆన్‌లైన్ డిగ్రీ సంస్థవాళ్లు సెంటరు తెరిచారు. నేను పాఠం చెప్పిన గదిలోనే, ఖాళీ బెంచీలకు ఎదురుగా కూర్చుని, ఎక్కడో ఉన్న పిల్లలు ఉన్నారా లేరా అని చూసే పని నాకిచ్చారు. హోదా పేరు 'విద్యార్థి భాగస్వామ్య సహాయ సమన్వయకర్త'. బల్ల మీది పలకలో పట్టక చివరి రెండక్షరాలు, 'కర్త', కింది వరసలోకి జారాయి. సందర్శకులు ముందు వాటినే చదివేవారు.

సెంటరులో ముగ్గురం. మా పెద్దాయన రిటైరైన ప్రిన్సిపాలు. గుడిలో వాయిద్యం వాయించిన వంశం. ఆయనకి వాయిద్యం అబ్బలేదు కాని తాళం అబ్బింది. ఏ సమస్య చెప్పినా కళ్లు మూసుకుని బల్ల మీద వేళ్లతో తాళం వేసేవాడు. తాళం పూర్తయ్యేసరికి సమస్య చెప్పినవాళ్లు విసిగి వెళ్లిపోయేవారు. దాన్ని ఆయన పరిష్కారం అనుకునేవాడు. రెండోవాడు పాతపట్నం నుంచి వచ్చిన కంప్యూటర్ ఆపరేటరు, నా వయసువాడే. ఒడిశా సరిహద్దు అలవాటు కొద్దీ 'సరే' అనాల్సిన చోట 'హవు' అనేవాడు. అది ఒప్పుకోవడమో, విన్నానని చెప్పడమో, నన్ను వదిలించుకోవడమో నాకు ఇప్పటికీ తెలీదు.

వీళ్లు కాక పెద్దాఫీసులో ఒక అధికారి ఉండేవాడు, హైదరాబాదులో. చక్రాలు ఆయన సృష్టే. క్లాసు జరుగుతుండగా కొద్ది నిమిషాలకోసారి ఫోనులోంచి ఒక ఆడగొంతు అడిగేది, "మీరు ఉన్నారా?" తెర మీద ఒక బొత్తాం వెలిగేది. 'ఉన్నాను' అని నొక్కాలి. ఆలస్యం చేస్తే పసుపు, నొక్కకపోతే ఎరుపు. సంవత్సరం మొత్తం మీద ముప్పావు వంతు పచ్చ ఉంటేనే పరీక్షకి హాల్ టికెట్టు. పాఠం అర్థమైందా అని ఆ గొంతు ఎప్పుడూ అడగలేదు. ఆ ప్రశ్నకి బొత్తాం తయారు చెయ్యడం కష్టమట. ఆయనే చెప్పాడు.

ఇక భావనపాడు బ్యాచి. సముద్రం ఒడ్డున వేట మీద బతికే ఊరు. అక్కడి నుంచి ఎనిమిదిమంది ఆడపిల్లలు బీకాంలో చేరారు. వాళ్లని కూడగట్టింది ఒకమ్మాయి. పొద్దున్నే ఒడ్డుకొచ్చిన చేపని వేలంలో కొని, గంపలకెత్తి, ఆటోలో టెక్కలి తీసుకెళ్లి అమ్మే పిల్ల. అంతకు ముందు టెక్కలి కాలేజీలో చేరింది. వేలం ముగించుకుని బస్సెక్కేసరికి మొదటి రెండు గంటలూ పోయేవి. హాజరు చాలదని పరీక్షకి కూర్చోనివ్వలేదు.

చేర్చుకునేటప్పుడు నాతో ముందే తెగేసి చెప్పింది. "మేడం, మా ఊరి ఐసు ఫేట్రీలో లెక్కలు సూసుకునే ఉజ్జోగం ఒకటున్నాది. డిగ్రీ అట్టుకొస్తే నాకే ఇత్తానన్నాడు ఓనరు. మూడేళ్లు ఆగుతానన్నాడు. ఈపాలి కూడా అటెండెన్సు నేదని ఆపీసినారనుకోండి, మరింక మా నాన్న సదువు మాట ఎత్తనివ్వడు. అదేటో ఇప్పుడే సెప్పీండి."

"ఆన్‌లైన్ కదమ్మా, ఆపడానికేముంది, ఎక్కడినుంచైనా వినొచ్చు" అన్నాను. ప్రకటన కాగితంలో అలాగే ఉంది మరి.

ఎక్కడినుంచైనా వినొచ్చు, నిజమే. ఎప్పుడైనా వినొచ్చని మాత్రం ఎవరూ అనలేదు. క్లాసు పొద్దున్న తొమ్మిదికి. చీకటితో వేటకెళ్లిన పడవలు ఒడ్డుకొచ్చేది సరిగ్గా అప్పుడే. వేలం పాట అప్పుడే. మొదటి నెలంతా భావనపాడు చక్రాలు ఎనిమిదీ కందగడ్డల్లా ఎర్రగా ఉన్నాయి. నేను ఫోన్ చేస్తే అవతల సముద్రం హోరు, మగాళ్ల అరుపులు, మధ్యలో ఈ పిల్ల గొంతు. "మేడం, ఒక్క సిటం. ఒరే మావా, ఆ కవళ్ల గంప నాది, సెయ్యి తియ్యి. ఆఁ, సెప్పండి మేడం, సెక్రం ఎర్రగున్నాదా? ఎండలో నా మొకం కూడా అలాగే ఉన్నాది."

పెద్దాఫీసు అధికారికి ఫోన్ చేశాను. క్లాసు మధ్యాహ్నానికి మార్చండి అన్నాను.

"రాష్ట్రమంతా ఒకే టైము మేడమ్. ఒక ఊరి కోసం మార్చలేం."

"అయితే పడవల్ని మార్చమని సముద్రానికి మీరే రాయండి."

"రికార్డింగ్ ఉంటుంది కదా, తర్వాత చూసుకోవచ్చు."

"చూస్తే పచ్చ పడుతుందా?"

"పడదు. లైవ్‌లో నొక్కితేనే పడుతుంది. మీరు వాళ్లని మోటివేట్ చెయ్యండి."

చేశాను. పెద్దాఫీసు పంపిన ఉత్సాహ వాక్యాలు రోజుకొకటి వాళ్ల ఫోన్లకి పంపాను. 'కెరటాలు ఆగేదాకా ఎదురుచూసేవాడు సముద్రం దాటలేడు' అని ఒకటి వచ్చింది. దాన్ని బెస్తపల్లెకి పంపడానికి నాకు చేతులాడలేదు కాని కంప్యూటరు దానంతటదే పంపేసింది. ఆ రోజు గాలివాన సూచన ఉందట. వేటకి పోవద్దని ఊళ్లో మైకులో చెబుతున్నారట. ఇదేమో దాటమంటోంది. "మీ ఆపీసోళ్లకి పేనాల మీద తీపి నేదా మేడం?" అని ఆ పిల్ల అడిగింది. వాళ్ల ప్రాణాలు ఒడ్డునే, ఏసీ గదిలోనే ఉన్నాయని చెప్పాను.

రెండో నెలలో ఒక సోమవారం తెర తెరిచేసరికి ఎనిమిది చక్రాలూ పచ్చగా ఉన్నాయి. మంగళవారం కూడా. ఆ వారమంతా అంతే. పసుపు కూడా లేదు.

మా పెద్దాయన వచ్చి చూసి కళ్లు మూసుకున్నాడు. "తాళం తప్పలేదమ్మా" అన్నాడు పరవశంగా.

నాకు పరవశం ఎప్పుడూ వెంటనే రాదు. ఆపరేటరుని పిలిచి, ఎవరు ఎప్పుడు నొక్కుతున్నారో చూపించమన్నాను. చూపించాడు. ఎనిమిదిమందీ ఒకరి వెనక ఒకరు, ప్రతిసారీ అదే వరసలో, రైలు పెట్టెల్లా.

"ఇదేటి, ఎనమండుగురూ చెయ్యి చెయ్యి పట్టుకుని కూర్చున్నారా?" అన్నాను.

"హవు" అన్నాడు ఆపరేటరు.

ఆ పిల్లకి ఫోన్ చేశాను. ఎత్తకపోతే వాళ్ల నాన్న ఫోనుకి చేశాను, దాన్ని ఆ పిల్లే ఎత్తింది. అవతల మామూలే, సముద్రం, అరుపులు. క్లాసు నడుస్తున్న సమయం అది. చక్రం పచ్చగా ఉంది. మనిషి వేలంలో ఉంది. "అమ్మాయ్, నువ్వు క్లాసులో ఉన్నావా?" అంటే, "ఉన్నాను మేడం, మీ తెర సూసుకోండి" అంది. ఆ తర్వాత, "పాఠం గురించి మీకేటీ బెంగొద్దు. అసైన్‌మెంటు సూసినాక మాటాడండి" అని పెట్టేసింది.

అసైన్‌మెంటు చూశాను. తరుగుదల మీద ప్రశ్న. రాష్ట్రంలో పిల్లలందరూ పుస్తకంలోని యంత్రాన్నే ఎక్కించారు. ఈ ఎనిమిదిమందిలో ఒకతె పడవ ఇంజను రాసింది, ఒకతె వల రాసింది. మా పిల్ల ఐసు పెట్టె రాసి, 'ఉప్పుగాలి వల్ల జీవితకాలం తక్కువ' అని కింద గీత గీసింది. చదవనివాళ్లు ఇలా రాయరు. పాఠం ఎప్పుడో, ఎక్కడో తలకెక్కుతోంది. పచ్చ ఇంకెక్కడినుంచో వస్తోంది. ఆ రెండూ ఒకచోట కలవాలని పట్టుబట్టే రకాన్ని కాదు నేను. చూసొద్దాం అనుకుంటూనే ఉన్నాను. ఈలోగా పెద్దాఫీసే చూడటానికి బయల్దేరింది.

అధికారి ఫోన్ చేశాడు. గొంతులో పెళ్లి సందడి. "మేడమ్, భావనపాడు మొత్తం సంస్థలోనే నంబర్ వన్. నేనే వస్తున్నాను, వీడియో తీస్తాం. ఆ రోజు మా బోర్డు పెద్దలందరూ ఇక్కడ పెద్ద తెర ముందు కూర్చుని ఆ ఎనిమిది చక్రాలని లైవ్‌లో చూస్తారు. పిల్లలకి ముందుగా చెప్పకండి. సహజంగా ఉండాలి."

చెప్పడానికి నేను ప్రయత్నించలేదనుకోకండి. పొద్దున్నే ఆ పిల్లకీ వాళ్ల నాన్నకీ రెండేసిసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆ పిల్ల ఫోను అప్పటికే ఎక్కడుందో తర్వాత తెలిసింది.

అధికారి అంతకు ముందు సాయంత్రమే విజయనగరం చేరాడు. తెల్లవారుజామునే కారులో ఆయనా, మా పెద్దాయనా, నేనూ బయల్దేరాం. నేననుకున్నంత రాక్షసుడు కాదు, బక్కగా, మంచి చొక్కా వేసుకుని, దారిలో ఇడ్లీలు తింటూ కూడా ఫోను చూసుకునే మనిషి. టెక్కలి దాటాక క్లాసు మొదలైంది. ఎనిమిది చక్రాలూ పచ్చగా తిరిగాయి. ఆయన ఫోను నా ముఖం దగ్గర పెట్టి, "చూశారా, అదీ క్రమశిక్షణ" అన్నాడు. నేను కిటికీలోంచి ఉప్పుమళ్లు చూశాను.

ఊళ్లో దిగేసరికి ఒడ్డంతా జనం. పడవలు ఒక్కొక్కటీ వస్తున్నాయి. వేలం జోరుగా ఉంది. అధికారి ఆ గోలలో ఇద్దరు ముగ్గుర్ని ఆపి, ఆన్‌లైన్ క్లాసు వినే అమ్మాయిలు ఎక్కడ కూర్చుంటారని అడిగాడు. వల బాగు చేసుకుంటున్న ముసలాయన తల ఎత్తకుండానే తుఫాను షెల్టరు వైపు చెయ్యి చూపించాడు.

"సదువేనా బాబూ? మేడ మీద ఎండతన్నాది."

అధికారి నా వైపు చూశాడు. "ఏమన్నాడు?"

"మేడ మీద ఉన్నారంటున్నాడు" అన్నాను. అబద్ధం కాదు. తర్జుమా.

తుఫాను షెల్టరు మేడే ఆ ఊళ్లో నెట్టు అందే ఒకే ఒక్క చోటు. మెట్లెక్కుతుండగానే పాఠం వినిపించింది. మామూలుగా కాదు, ఒకే మాష్టారు ఎనిమిది గొంతులతో, ఒకదాని వెనక ఒకటిగా, గుహలో అరిచినట్టు ఆదాయపు పన్ను చెబుతున్నాడు. పైకి వెళ్లి చూస్తే మేడ నిండా నెత్తళ్ల చేపలు ఎండబెట్టి ఉన్నాయి. వాటి నడుమ తాటాకు గొడుగు, గొడుగు నీడలో పాత చీర మడత, మడత మీద వరసగా ఎనిమిది ఫోన్లు. వాటి ముందు కాళ్లు చాపుకుని ఒక ముసలమ్మ. చేతిలో కర్ర.

అప్పుడే మొదటి ఫోను అడిగింది, "మీరు ఉన్నారా?"

"ఉన్నాను తల్లీ" అని ముసలమ్మ నొక్కింది.

రెండో ఫోను అడిగింది, "మీరు ఉన్నారా?"

"ఉన్నానే, ఎక్కడికి పోతాను" అని నొక్కింది. అలా ఎనిమిదింటికీ, ఒక్కదాన్నీ చిన్నబుచ్చకుండా జవాబు చెప్పి నొక్కి, మాకేసి చూసింది. "రాండి బాబూ. నెత్తళ్లు తొక్కకండి. ఇదేటోనమ్మా, అస్తమానూ ఉన్నావా ఉన్నావా అనడుగుతాది. మా ముసిలోడు బతికున్నన్నాళ్లూ ఇన్నిసార్లు అడగనేదు."

మా పెద్దాయన గోడ నీడన కూలబడి కళ్లు మూసుకున్నాడు. అధికారి మాత్రం నిలబడే ఉన్నాడు. ఆయన మంచి చొక్కా మీద అప్పటికే ఈగలు వాలుతున్నాయి.

"ఈవిడెవరు?" అన్నాడు.

"మీ నంబర్ వన్ విద్యార్థిని" అన్నాను.

"మేడమ్, ఇది జోక్ కాదు. స్టూడెంట్స్ ఎక్కడ?"

"ఒడ్డున యేలం పాడతన్నారు" అని ముసలమ్మే చెప్పింది. "మా మనవరాలు పొద్దున్నే ఇయ్యన్నీ తెచ్చి ఇక్కడెట్టి పోతాది. నానెలగూ కాకుల్ని తోలాల కదా. ఆ మాస్టారు బాగా సెప్తాడు బాబూ, ఆయన మాటాడినంతసేపూ కాకొక్కటి వాల్దు. మధ్యలో ఊరుకుంటేనే ఎదవ కాకులొచ్చెత్తాయి."

ఎవరు కబురు పెట్టారో, మా పిల్ల గంప నెత్తిన ఉండగానే మెట్లెక్కి వచ్చేసింది. అధికారిని, నన్ను, ఫోన్లని చూసింది. గంప దించలేదు.

"ఇది సామూహిక మోసం" అన్నాడు అధికారి. "ఎనిమిదిమందికీ హాల్ టికెట్లు ఉండవు. ఇప్పుడే రాసి పంపిస్తున్నాను."

"మోసమేటి సార్?" అంది ఆ పిల్ల. "నానెక్కడ ఎగ్గొట్టాను? టెక్కల్లో సేపలమ్మి రెండు గంటలకల్లా ఒచ్చేత్తాం. ఎనమండుగురం ఈ మేడ మీదే కూకుని పొద్దున్న పాఠం మళ్లీ పెట్టుకుని యింటాం. అర్థం కాకపోతే యెనక్కి తిప్పి యింటాం. మీ లైవులో యెనక్కి తిప్పడానికి ఉంటాదేటి?"

"అది లెక్కలోకి రాదు."

"విన్నది లెక్కలోకి రాదు, నొక్కింది వస్తుంది" అన్నాను నేను. "మంచి లెక్కే. అయితే నొక్కింది ఉంది కదా, మీకేం లోటు?"

"మేడమ్, రూల్ ఈజ్ రూల్. విద్యార్థే నొక్కాలి."

"మీ బొత్తాం వేలు ఎవరిదో చూస్తుందా?"

ఆయన ఫోను తీశాడు, రాసి పంపడానికి. నెట్టు అందలేదు. అటూ ఇటూ తిరిగాడు. చివరికి నెట్టు దొరికింది తాటాకు గొడుగు కిందే. మంచి చొక్కాతో ముసలమ్మ పక్కన గొంతుక్కూర్చుని టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల నిలబడిన చోటే నిలబడి ఆయన వేళ్లకేసి చూస్తోంది. ఐసు ఫ్యాక్టరీ, డిగ్రీ, వాళ్ల నాన్న, అన్నీ ఆ వేళ్ల కింద ఉన్నాయి. నేను ఇంకా వాదిద్దామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు ఒడ్డు నుంచి కేక వినిపించింది.

"ఓ మామ్మా, మీ పడవొచ్చీసింది."

ముసలమ్మ కర్ర ఊతంగా లేచింది. వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. పడవ ఒడ్డుకి రాగానే మొదటి గంప ఇంటి పెద్దామె చేతుల మీదుగా దిగాలి. ఆ తర్వాతే మిగతా చేప దిగుతుంది, వేలం మొదలవుతుంది. పెద్దామె రాకపోతే పడవ అలాగే ఉంటుంది, చేప అలాగే ఉంటుంది, కొనేవాళ్లు పక్క పడవకి పోతారు.

"ఓలే గుంటా, రా, గంపట్టుకో" అని మనవరాల్ని కేకేసి, చేతిలోని కర్ర అధికారికి అందించింది. "బాబూ, ఎలగూ ఇక్కడే కూకున్నావు కదా. కాసింత సూత్తుండు. కాకులొత్తాయి. అది ఉన్నావా అనడిగితే ఉన్నానని నొక్కు. బేగొచ్చెత్తాను."

ఆయన కర్ర పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడంటే, పెద్దవాళ్లు చేతికేదైనా ఇస్తే ఎవరైనా పట్టుకుంటారు. ముసలమ్మ దిగిపోయింది. ఆ పిల్ల వెళ్లాలా ఉండాలా అని నాకేసి చూసింది. "వెళ్లవే, ఇక్కడ నేనున్నాను" అన్నాను. వెళ్లింది.

అప్పుడే ఆయన ఫోను మోగింది. పెద్దాఫీసు నుంచి. గొడుగు కింద ఉన్నాడు కదా, బ్రహ్మాండంగా వినిపిస్తోంది. అవతల ఆయన పై అధికారి. "అద్భుతమయ్యా. బోర్డంతా ఇక్కడే ఉంది. ఎనిమిదీ పచ్చ. ఛైర్మన్‌గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. క్లాసయ్యేదాకా లైన్లోనే ఉండు."

"మీరు ఉన్నారా?" అంది మొదటి ఫోను.

ఆయన దానికేసి చూశాడు. తర్వాత నాకేసి చూశాడు. నేను సముద్రం చూశాను. ఆ రోజు సముద్రం నిజంగానే చాలా బాగుంది.

"ఒకటి పసుపైందేమిటయ్యా?" అంది అవతలి గొంతు.

ఆయన నొక్కాడు.

రెండోది అడిగింది. నొక్కాడు. మూడోదీ నాలుగోదీ ఒకేసారి అడిగాయి. కర్ర కింద పడేసి రెండు చేతులతో నొక్కాడు. సరిగ్గా ఆ సమయంలో మాష్టారు, "ఇంతవరకూ ఏమైనా సందేహాలుంటే అడగండి" అని ఊరుకున్నాడు. ఎనిమిది గొంతులూ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. మేడ మీద నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కోసమే పిట్టగోడల మీద ఓపిగ్గా కాచుకున్న కాకులన్నీ నెత్తళ్ల మీదికి దిగాయి.

ఇరవై ఏళ్లు క్లాసు గదుల్లో ఉన్నాను, ఒక చదువుకున్న మనిషి అంత పూర్తిగా పనిలో లీనమవడం చూడలేదు. పడేసిన కర్ర మళ్లీ అందుకుని ఒక చేత్తో తిప్పుతున్నాడు, ఒక చేత్తో నొక్కుతున్నాడు, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించి, "యస్ సర్, చాలా శ్రద్ధగా ఉన్నారు సర్, హుష్, హుష్, కాదు సర్, మిమ్మల్ని కాదు" అంటున్నాడు. మా పెద్దాయన ఒక కన్ను తెరిచి, ఆయన నొక్కుడుకి మోకాలి మీద తాళం అందుకున్నాడు. మూడో విడత వచ్చేసరికి అధికారికి తెలియకుండానే నోరు కూడా కలిసింది. "మీరు ఉన్నారా?" "ఉన్నాను." "మీరు ఉన్నారా?" "ఉన్నానమ్మా, ఉన్నాను."

క్లాసు అయిపోయింది. "ఒక్క ఎరుపు లేదు. నీ గురించి ఛైర్మన్‌గారికి ప్రత్యేకంగా చెబుతానయ్యా" అని అవతలి గొంతు సెలవు తీసుకుంది.

ముసలమ్మ తిరిగొచ్చి మేడంతా ఒకసారి కలియజూసింది. ఒక మూల నెత్తళ్లు లేవు, మెరిసే పొలుసులు మాత్రం ఉన్నాయి. "ఇదేటి బాబూ, ఒక పని అప్పసెప్తే ఇదేనా సూడ్డం? ఆటికి నువ్వే ఒడ్డించినావేటి?" అని ఆయన చేతిలోంచి కర్ర లాక్కుంది. ఆయన తల దించుకున్నాడు. నేను ఎన్ని నెలలు వాదించినా ఆ తల ఒక్క అంగుళం దిగలేదు సుమండీ.

ముసలమ్మ వెనకే ఆ పిల్ల వచ్చి మెట్ల దగ్గర ఆగింది.

"ఇప్పుడు రాసి పంపండి" అన్నాను ఆయనతో. "విద్యార్థులు కానివాళ్లు నొక్కారని రాయండి. ఎవరెవరు నొక్కారో పేర్లు కూడా రాయాలి కదా, నేను సాక్షి సంతకం పెడతాను."

ఆయన చాలాసేపు చొక్కా దులుపుకున్నాడు. దులిపితే పోయే వాసన కాదది.

"మీకేం కావాలి మేడమ్?" అన్నాడు.

"నాకేం వద్దు. వాళ్లకి క్లాసు మధ్యాహ్నం కావాలి. మొదటిరోజే అడిగాను."

దిగివచ్చి కారెక్కాం. తిరుగు దారిలో ఆయన నివేదిక రాశాడు. అద్దాలు దించే ఉంచాల్సి వచ్చింది. నరసన్నపేట దగ్గర ఒక వాక్యం పైకి చదివి, బాగుందా అని అడిగాడు. 'భావనపాడు విద్యార్థుల హాజరును స్వయంగా పరిశీలించడమే కాక అందులో స్వయంగా పాల్గొన్నాను.' ఒక్క అక్షరం కూడా మార్చొద్దన్నాను. చివర్లో, తీరప్రాంతపు బ్యాచిలకి లైవ్ క్లాసు మధ్యాహ్నం మూడింటికి పెట్టాలనే సిఫారసు ఉంది. పెద్దాఫీసు వెంటనే ఒప్పుకుంది. నంబర్ వన్ బ్యాచి అడిగిందంటే దాని వెనక ఏదో విద్యాశాస్త్రం ఉంటుందనుకున్నారు. ఆ సంవత్సరం ఆయనకి పెద్ద హోదా వచ్చింది. భావనపాడు బ్యాచికి ఒక షీల్డు వచ్చింది, బరువైనది. గాలి రోజుల్లో నెత్తళ్ల కింది పరదా ఎగిరిపోకుండా మూలన పెట్టుకున్నారు. ఆ సంస్థ ఇచ్చిన వస్తువుల్లో పనికొచ్చింది అదొక్కటే.

మరుసటి ఏడు ఆ బొత్తాం తీసేసి, కొద్ది నిమిషాలకోసారి ముఖం ఫోటో తియ్యాలన్నారు. ఆ యుద్ధం కూడా చేశాను కాని అది వేరే గొడవ. ఈ బ్యాచి చదువు ముగిశాక సెంటరే మూతపడింది. నేను పాఠం చెప్పిన గది నా కళ్లముందే రెండోసారి మూతపడ్డం చూశాక ఇక ఉద్యోగాలకి దణ్ణం పెట్టేశాను.

మొదటి ఏటి హాల్ టికెట్లు మాత్రం ఎనిమిదీ వచ్చాయి. చివరి ఏడు దాకా అలాగే వచ్చాయి. ఆఖరి పరీక్షలు టెక్కలిలో. మొదటిరోజు నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఆ పని నా హోదాలో లేదు, అయినా నిలబడ్డాను. ఎనిమిదిమందీ ఆటో దిగారు. వాళ్ల వెనకాల, కర్ర పట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని ముసలమ్మ కూడా దిగింది.

"నువ్వెందుకు వచ్చావు మామ్మా?" అన్నాను.

"సరిపోయింది. లోపలికెల్లినాక ఉన్నావా అనడిగితే ఎవులు నొక్కుతారు?"

"పరీక్షలో అలా అడగరు."

"అడక్కపోతే మంచిదే. అడిగితే?" అని గేటు పక్కన గోడకి చేరబడి కాళ్లు చాపుకుంది.

మా పిల్ల లోపలికెళ్తూ వెనక్కి తిరిగి, "మామ్మా, ఆ కాపలావోడితో గొడవెట్టుకోకు" అంది. అప్పటికే పెట్టుకుంది. కర్ర లోపలికి తేవద్దని అతనంటే, కాకులొస్తే నువ్వు తోల్తావా అని ఈవిడ.

కాసేపటికి లోపల గంట కొట్టారు. ప్రశ్నపత్రాలు ఇచ్చేశారన్నమాట. మగతగా ఉన్న ముసలమ్మ ఉలిక్కిపడి, చెయ్యి చాపి, ముందున్న ఖాళీ నేల మీద ఏదో వెతికి, ఏమీ దొరక్క లోపలికి చూస్తూ గట్టిగా అంది.

"ఉన్నారమ్మా. ఎనమండుగురూ లోపలే ఉన్నారు."